పైకి చదవని పేరా

జనవరి 9

జాగ్రత్తమ్మకు,

మామయ్య రాసేది. కవరు మీద నా చేతిరాత చూసి ఎవరికేమైందోనని కంగారుపడకు. అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. నాన్న ఫోటో స్టూడియోలోకి కొత్త నీలం తెర కొన్నాడు. మీ అత్త నన్ను ఎప్పటిలాగే తిడుతోంది కాబట్టి ఆవిడ ఆరోగ్యమూ బాగున్నట్టే.

ఈ ఉత్తరం ఎక్కడ కూర్చుని రాస్తున్నానో తెలుసా? పద్నాలుగు అంతస్తుల బిల్డింగు పైన, లిఫ్టు మోటారు గదిలో. పాత తాడు విప్పేశాం, కొత్తది ఇంకా రాలేదు. కింద జనం మెట్లెక్కుతూ నాకు శాపనార్థాలు పెడుతున్నారు. ఫోను చేసి అడగొచ్చుగా అంటావు. మా ఇంట్లో ఫోను మీ అత్త చేతిలో ఉంటుంది, మీ ఇంట్లో మా అక్క చేతిలో. ఇద్దరికీ స్పీకరు పెట్టకుండా మాట్లాడటం చేతకాదు. ఇది నలుగురూ వినే సంగతి కాదు. జవాబు కూడా ఇంటికి కాకుండా వర్క్‌షాపుకే రాయి.

సంగతేమిటంటే, నాకు తెలిసినవాడు ఒకడున్నాడు. యాభై ఎనిమిదేళ్ళు. ఈమధ్య నడినెత్తిన జుట్టు పల్చబడిందని తెగ మథనపడిపోతున్నాడు. "మగాడి హార్మోనే జుట్టు రాలగొడుతుందంటారు. గడ్డం మొలిపించేదీ అదేగా? గడ్డానికి ఎరువైంది నెత్తికి విషం ఎలా అయింది?" అని నన్ను నిలదీశాడు. ఒకే బటను నొక్కితే ఒక లిఫ్టు ఎక్కడం, పక్క లిఫ్టు దిగడం నా సర్వీసులో నేను చూడలేదు. రోజంతా ఆసుపత్రి మందుల కౌంటర్లో ఉండేదానివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నాలాంటివాడికి బోధపడేలా తీరిగ్గా రాయి.

మామయ్య


జనవరి 21

మామయ్యా,

నీ ఉత్తరం మా కౌంటర్లో అందరూ చూశారు. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసే మామయ్య ఉన్నాడా అని ఒకావిడ కవరు తిప్పి తిప్పి చూసింది. ఇంతకీ ఆ "తెలిసినవాడు" కులాసాయేనా? అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్నాడా?

నీ ప్రశ్న మాత్రం అసలైన ప్రశ్న. నేను చదువుకునే రోజుల్లో ఇదే అడిగితే మా టీచరు "పరీక్షలో రాదు, వదిలెయ్" అంది. విను. మగవాళ్ళ ఒంట్లో టెస్టోస్టిరాన్ అని ఉంటుంది. ఒక ఎంజైము దాన్ని పట్టుకుని ఇంకా ఘాటైన సరుకుగా మారుస్తుంది. దాని పొడుగు పేరు నీకెందుకుగానీ, డీహెచ్‌టీ అంటారు. అది అన్ని వెంట్రుకల కుదుళ్ళకీ ఒకే కబురు తీసుకెళుతుంది. గడ్డం కుదురు ఆ కబురు విని బలుస్తుంది. నుదుటి మీద, నడినెత్తి మీద ఉండే కుదురు, పుట్టుకతోనే దానికి పడనిదైతే, ప్రతిసారీ ఇంకాస్త కుంచించుకుపోతుంది. లావు వెంట్రుక సన్నబడి, నూగుగా మారి, చివరికి కనపడకుండా పోతుంది. చెవుల పైన, తల వెనక ఉండే కుదుళ్ళు ఆ కబురును లెక్కే చెయ్యవు. అందుకే అక్కడ జుట్టు ఎప్పటికీ ఉంటుంది. అంటే నీ బటను ఒకటే మామయ్యా, లోపలి వైరింగు వేరు. బట్టతలవాళ్ళకి మగతనం ఎక్కువనేది వాళ్ళు చెప్పుకునే మాట. హార్మోను అందరిలాగే ఉంటుంది, కుదురే సుకుమారం. అది తల్లి వైపు నుంచీ రావచ్చు, తండ్రి వైపు నుంచీ రావచ్చు.

వైద్యం రెండు రకాలు. తలకి రాసుకునే ద్రావకం ఒకటి, దాన్ని మినాక్సిడిల్ అంటారు. దానికీ హార్మోనుకీ సంబంధం లేదు, కుదురును ఎక్కువకాలం పని చేయిస్తుందంతే. మొదట్లో ఉన్నది కూడా రాలుతుంది, హడలిపోకూడదు. రెండోది మాత్ర, ఫినాస్టెరైడ్. ఇది ఆ ఎంజైము చేతులు కట్టేస్తుంది. ఏదైనా ఆరు నెలలు ఓపిక పట్టాలి, ఆపేస్తే వచ్చింది కూడా పోతుంది.

ఇక జాగ్రత్తలు. నవ్వకు. మాత్ర డాక్టరు చూసి రాస్తేనే వాడాలి. కొందరికి దాంపత్యం మీద ఆసక్తి తగ్గుతుంది, ఒళ్ళు సహకరించదు. మందు ఆపితే చాలామందికి సర్దుకుంటుంది, అందరికీ కాదు. మనసు దిగులుగా ఉన్నా డాక్టరుకి చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేటు గ్రంథిలో క్యాన్సరు ఉందేమోనని పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేస్తారు. ఈ మాత్ర కొన్ని నెలలు మింగితే ఆ పరీక్షలో అంకె సుమారు సగానికి పడిపోతుంది. జబ్బుంటే అది తగ్గదు, అంకె మాత్రమే తగ్గుతుంది. డాక్టరుకి చెబితే అంకెను రెట్టింపు చేసి చూస్తారు. చెప్పకపోతే అంతా బాగుందనుకుంటారు. నాన్న వైపు తాతయ్య పోయింది ఆ జబ్బుతోనేగా. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు, బయటపడేసరికి ఎముకల్లోకి పాకింది. నాన్న ఏటా అక్టోబరులో ఆ పరీక్ష చేయించుకుని రిపోర్టు వచ్చేదాకా నాకు తిండి సయించదు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 16

జాగ్రత్తమ్మా,

నీ ఉత్తరం బ్రహ్మాండం. దొరికిన రోజే మావాడి దగ్గరికి పట్టుకెళ్ళి, అక్కడే కవరు చింపి, గడగడా చదివి వినిపించాను. తను చదవడట. "నువ్వు చదువు, నేను పని చేసుకుంటూ వింటా" అన్నాడు. బటను ఒకటే వైరింగు వేరు అన్నచోట చేతిలో పని ఆపేసి, "మళ్ళీ చదువు" అన్నాడు. మూడుసార్లు చదివించాడు.

జాగ్రత్తల పేరా దగ్గర మాత్రం నా పని కుడితిలో పడ్డ ఎలుక అయింది. దాంపత్యం, ఒళ్ళు సహకరించకపోవడం! ఆడపిల్లవి, అవేం రాతలే తల్లీ? చెవులు ఎర్రబడిపోయి, "మిగతావన్నీ మామూలు జాగ్రత్తలే" అని మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ తెరిచే ధైర్యం ఇంతవరకూ రాలేదు.

మావాడు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. ఆయన భూతద్దం లాంటిది పెట్టి నెత్తి అంతా చూసి, రోజుకో మాత్ర రాశాడట. "ఇంకేమైనా జబ్బులున్నాయా, పరీక్షలు చేయించుకుంటున్నారా?" అని అడిగితే "ఏమీ లేవు" అన్నాడట. ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు. మాత్రలు పనిచేసే చోటే దాచుకున్నాడు.

నాకో కొత్త అనుమానం. హార్మోను అసలు లేకపోతే? చిన్నప్పుడే అది పోయినవాళ్ళకి బట్టతల రాదా?

మామయ్య


మార్చి 4

మామయ్యా,

రాదు. పెద్దకాకముందే ఆ హార్మోను పోతే ఈ రకం బట్టతల రాదు. గడ్డం కూడా సరిగ్గా రాదు. ఈ సంగతి మనుషులు చాలా కాలం కిందటే గమనించారు. అంత ఖరీదు పెట్టి జుట్టు కొనుక్కోమని మాత్రం మీవాడికి చెప్పకు.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నా. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వెందుకు అంత ఎర్రబడ్డావు? భార్యకి చెప్పకపోవడమేమిటి, పనిచేసే చోట దాచుకోవడమేమిటి, వర్క్‌షాపుకి ఉత్తరం రాయమనడమేమిటి? మామయ్యా, నాకు అర్థమైపోయింది. నిన్ను చూసి రెండేళ్ళయింది కదా, ఈ రెండేళ్ళలో ఏమైందో ఊహించుకోగలను. నా దగ్గర సిగ్గెందుకు? నేను రోజుకు పదిమందికి ఇవే మాటలు కౌంటర్ మీద నుంచి చెబుతాను. మా కౌంటర్లో సిగ్గుపడేది కొనేవాళ్ళే, అమ్మేవాళ్ళం కాదు.

సరే, "మీవాడు" అనే అందాం. ఆ పేరా ఎవరికీ పైకి చదవక్కర్లేదు, నువ్వు ఒక్కడివీ చదువుకుంటే చాలు. నీకో పార్సెల్ పంపిస్తున్నా. జుట్టు తెగకుండా దువ్వే వెడల్పు పళ్ళ దువ్వెన, ఎండకి ఒక టోపీ.

జాగ్రత్తమ్మ


ఏప్రిల్ 2

అమ్మా తల్లీ,

నీ పార్సెల్ ఇంటికొచ్చింది! అలవాటు కొద్దీ ఇంటి అడ్రసు రాసేశావు. మీ అత్త విప్పింది. దువ్వెన, టోపీ, పైన నీ చీటీ: "సిగ్గుపడకు, ఇవి వాడు." ఆవిడ నా నెత్తి వంక చూసింది, దువ్వెన వంక చూసింది, మళ్ళీ నా నెత్తి వంక చూసింది. "ఎవరికోసం ఈ సింగారం?" అంది. రెండు రోజులు మా ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి.

నా జుట్టుకి ఏ లోటూ లేదు. మోటారు గదిలో గ్రీజు అంటుకుంటే కడగలేక చస్తున్నాను. నమ్మవని ఫోటో పంపిస్తున్నా. మీ నాన్న స్టూడియోలో మీ నాన్న తీసిందే. వెనక తేదీ కూడా వేయించాను.

ఇక మావాడి సంగతి. రెండు నెలలకే ఓపిక పోయింది. రోజూ అద్దం. ఎందుకయ్యా అంత బాధ, ఈ వయసులో ఎవరు చూడొచ్చారు అంటే, "నీకు ఒత్తుగా ఉంది, నీకేం తెలుస్తుంది" అని తల తిప్పేసుకుంటాడు. నాకూ ఆసక్తి పెరిగింది. తల వెనక ఉన్నవి హార్మోనును లెక్కచెయ్యవన్నావుగా, వాటిని పీకి ముందు నాటితే అక్కడికొచ్చి భయపడతాయా, పాత ధైర్యమే ఉంటుందా?

మామయ్య


ఏప్రిల్ 19

మామయ్యా,

పాత ధైర్యమే ఉంటుంది. జుట్టు నాటే వైద్యమంతా ఆ ఒక్క సంగతి మీదే నడుస్తోంది. కుదురు ఎక్కడికి వెళ్ళినా పుట్టింటి గుణం వదలదు. నాలాగే.

ఫోటో అందింది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. తీసింది ఎవరు? నాన్న! పెళ్ళికొడుకుల బుగ్గల మీద మొటిమలు చెరిపేసి, ముసలాళ్ళ నెత్తిన జుట్టు మొలిపించే విద్య ఆయనది. ఆయన తీసిన ఫోటోని సాక్ష్యం తెస్తావా? నిజంగానే చాలా బాగా మొలిపించాడు, అభినందనలు చెప్పు.

నాన్న అంటే గుర్తొచ్చింది. ఈమధ్య వీడియోలో ఎప్పుడు చూసినా టోపీతో ఉంటున్నాడు. అడిగితే స్టూడియోలో ఏసీ చలి అంటాడు. ఆ టోపీ నేను నీకు పంపిందే అని నాకు తెలియదనుకుంటున్నాడు. అత్త గోల పడలేక ఆయనకి ఇచ్చేశావు కదూ! ఆయనకి జలుబు చేయకుండా చూడు, ఏసీ తగ్గించమని చెప్పు.

నీ మేనకోడలు


అక్టోబరు 14

జాగ్రత్తమ్మా,

చాలా రోజులైంది రాసి. కొత్త ఆసుపత్రి బిల్డింగులో నాలుగు లిఫ్టులు ఒకేసారి బిగించాం. మంచాలు పట్టే వెడల్పు లిఫ్టులు, తలుపు మూసుకునే వేగం మామూలు వాటికంటే తగ్గించి పెట్టాలి. నడవలేనివాళ్ళు ఉంటారు కదా.

మావాడికి నూగులాంటి జుట్టు కాస్త ముదిరింది. నడినెత్తిన చర్మం ఇదివరకంత మెరవడం లేదు. వెలుతురు కిందికి వెళ్ళి నన్ను వంగి చూడమన్నాడు. నిజంగానే తేడా ఉంది. వాడి సంతోషం చూసి నాకు ముచ్చటేసింది.

ఇంకో మంచి మాట. మీ నాన్న ఏటా చేయించుకునే పరీక్ష రిపోర్టు వచ్చింది. అక్క నీకు ఫోనులో చెప్పే ఉంటుంది. నిరుడు 2.4, ఈసారి 2.6. డాక్టరు "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాడట, అక్క పక్కనే కూర్చుని ఉంది, మీ నాన్న లేదన్నాడు. "మరేం ఫరవాలేదు, వచ్చే ఏడు రండి" అని పంపేశాడు. రిపోర్టు వచ్చేదాకా నీకు తిండి సయించదని అక్క చెబుతుంటుంది, ఇక కడుపునిండా తిను.

మామయ్య


అక్టోబరు 25

మామయ్యా,

తిన్నాను. అమ్మ ఫోనులో ఆ అంకె చెప్పగానే రెండు పూటల తిండి ఒకేసారి తిన్నాను. నాన్న పక్కనుంచి "పిచ్చిపిల్లా" అంటున్నాడు. ఆయన గొంతు అంత హుషారుగా విని ఎన్నాళ్ళయిందో.

ఇప్పుడు నీ వంతు. నీకూ యాభై దాటాయి. నువ్వూ ఆ పరీక్ష గురించి డాక్టరుని అడుగు. అడిగేటప్పుడు నీ మాత్ర సంగతి చెప్పి తీరాలి. జనవరిలో రాశాను, గుర్తుందిగా? మాత్ర మింగేవాడికి అంకె సగం పడాలి. నాన్నకి వచ్చిన 2.6 నీకు వచ్చిందనుకో, నీకది 2.6 కాదు, 5.2 కింద లెక్క. నిరుటి అంకె తగ్గకుండా అక్కడే ఉన్నా సరే, లోపల పెరుగుతోందేమోనని అనుమానించాలి. నాన్నకైతే మాత్రల్లేవు కాబట్టి సంబరపడ్డాను. నీకు ఇదే రిపోర్టు వస్తే రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చేదాన్ని.

అత్తకి చెప్పెయ్ మామయ్యా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఎన్నాళ్ళు?

నీ మేనకోడలు


నవంబరు 6

అమ్మలూ,

మొన్న ఫోనులో నువ్వు ఏడుస్తుంటే నేనేం చెప్పానో నాకే గుర్తులేదు. అందుకే మళ్ళీ రాస్తున్నాను, మొదటి నుంచీ.

నీ ఉత్తరం మోటారు గదిలో చదివాను. "నాన్నకైతే మాత్రల్లేవు" అన్నచోట చదవడం ఆపేశాను. జనవరి ఉత్తరం ఇంకా నా పనిసంచి అరలోనే ఉంది. తీసి, మడిచిన పేరా విప్పి చదివాను. నేను ఏ ముక్క దగ్గర నోరు మూసుకున్నానో, దాని కిందే ఉంది ఆ సంగతి. ఒక్క ఊపిరి పట్టి ఇంకో నాలుగు వాక్యాలు చదివి ఉంటే సరిపోయేది. కూతురు రాసిన ఆ మాటలు తండ్రి ముందు చదవడానికి నాకు నోరు రాలేదు. ఇంతే జరిగింది. నన్ను ఎంత తిట్టినా పడతాను.

మావాడు మీ నాన్నే. "నా కూతురికి తెలియకూడదు, తెలిస్తే నీతో మాట్లాడను" అని నాతో మాట తీసుకున్నాడు. మాటకు కట్టుబడ్డాను, గొప్ప పని చేశాననుకున్నాను.

స్టూడియోకి పరిగెత్తాను. ఎవరో పిల్లకి గడ్డం పైకెత్తమని చెబుతూ ఫోటో తీస్తున్నాడు. ఆ పిల్లని పంపేదాకా ఆగాను. "బావా, నీ అంకె తప్పు" అన్నాను. మొదట నవ్వాడు. నీ రెండు ఉత్తరాలూ చేతిలో పెట్టాను. తనే చదువుకున్నాడు. తర్వాత కెమెరా వెనకున్న అట్టపెట్టెలోంచి మాత్రల అట్టలు తీసి బల్ల మీద పెట్టి, "మీ అక్కకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అన్నాడు. ఇద్దరం కలిసే వెళ్ళాం.

డాక్టరుకి మాత్రల సంగతి చెప్పాం, స్కానింగు అయింది. ఒకచోట మచ్చలా కనబడిందట. ముక్క తీసి పరీక్షకి పంపారు. భయంగా ఉంది తల్లీ.

మామయ్య


నవంబరు 15

మామయ్యా,

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. రెండు రోజులు నిన్ను మనసులో తిట్టని తిట్టు లేదు. మూడో రోజు నామీద నాకే వచ్చింది. "పైకి చదవక్కర్లేదు, నువ్వు చదువుకుంటే చాలు" అని రాసింది ఎవరు? టోపీ చూసి ఏసీ తగ్గించమన్నది ఎవరు? కళ్ళెదుటే నాన్న నెత్తి దాచుకుని కూర్చుంటే, నేను నీ ఫోటోలో జుట్టు అబద్ధమని నవ్వుకున్నాను.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. నాన్నకి అందం మీద ధ్యాస ఎప్పుడూ లేదు. చిరిగిన చొక్కాతో పెళ్ళికి వెళ్ళిన మనిషి. ఆయనకి జుట్టెందుకు? అడుగు మామయ్యా. నేను అడిగితే ఫోను అమ్మకిచ్చేస్తున్నాడు.

ఫలితం వచ్చిన రోజు ఉత్తరం వద్దు. స్పీకరు పెట్టి అందరూ కలిసి చెప్పండి.

నీ మేనకోడలు


డిసెంబరు 3

జాగ్రత్తమ్మా,

ఫోనులో అందరూ ఒకేసారి అరిచారు కాబట్టి నీకు సగమే వినబడి ఉంటుంది. డాక్టరు అన్నది ఇది: ఉన్నది జబ్బే, కానీ చిన్నది. గ్రంథి గోడ దాటలేదు. ఇప్పుడే ఆపరేషను చేస్తే నయమయ్యే దశలో ఉంది. ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తను చెప్పలేనన్నాడు. జనవరిలో ఆపరేషను. నువ్వు వస్తున్నావని మీ అమ్మ ఇప్పటినుంచే నీ గది తుడుస్తోంది.

నువ్వు అడగమన్నది అడిగాను. నిన్న సాయంత్రం స్టూడియో మూసేవేళకి వెళితే, బావే నన్ను కూర్చోబెట్టి, "ఆ జనవరి ఉత్తరం చదువు. ఈసారి ఒక్క ముక్క మింగినా ఊరుకోను" అన్నాడు. మొత్తం చదివాను. ఆ వాక్యం దగ్గర నేను పైకప్పు చూశాను, ఆయన చేతిలో కత్తెర చూసుకున్నాడు. చదవడం అయిపోయింది, ఇద్దరం బతికే ఉన్నాం. ఇంత తేలికైన పనికా నేను అంత భయపడ్డానని ఏడుపొచ్చింది.

అప్పుడు చెప్పాడు. నిరుడు ఎవరో పాత పరిచయస్తుడు ఫోటోకి వచ్చి, "అచ్చం మీ నాన్నలా తయారయ్యావే" అన్నాడట. స్టూడియోలో గిరాకీలు తల దువ్వుకునే అద్దం ఉంది చూడు, ఆ రోజు నుంచీ అందులో చూసుకున్నప్పుడల్లా మీ తాతయ్యే కనబడేవాడట. మామూలు తాతయ్య కాదు, మంచం మీద చివరి రోజుల్లో ఉన్న తాతయ్య. అదే నెత్తి, అదే నుదురు. "జుట్టు వస్తే ఆ ముఖం పోతుందనుకున్నాను" అన్నాడు.

తర్వాత టోపీ తీసి అద్దం ముందు లైటు వేసుకుని కాసేపు కూర్చున్నాడు. "మా నాన్న జబ్బు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. ఆయన తల నాకు రాకూడదని మాత్రలు మింగాను. అవి కూడా దాచుకునే మింగాను. తల సంగతి తర్వాత, బుద్ధి మాత్రం అచ్చం ఆయనదే వచ్చింది" అన్నాడు. ఇంటికొచ్చి మీ అత్తకి ఈ ఉత్తరాలన్నీ ఇచ్చేశాను. చదివి, దువ్వెన సంగతికి నాకు క్షమాపణ చెప్పింది.

కింద ఖాళీ ఉంచమన్నాడు మీ నాన్న. ఉంచాను.

మామయ్య

అమ్మలూ, ఇకమీదట నాకే రాయి. నేనే చదువుకుంటాను. జాగ్రత్తల పేరా ముందు పెట్టు.
నాన్న